శని ఆదివారాల ఆటలు

తణుకులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను నేను. వారమంతా బోర్డు ముందు నిలబడి అరిచే ఉద్యోగం. శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని లాప్‌టాప్ తెరిచానంటే మాత్రం ఆదివారం పొద్దుగూకేదాకా ఇంట్లో ఎవరికీ దొరికేదాన్ని కాదు. గేమ్ జామ్‌లు నన్నలా పట్టుకున్నాయి.

గేమ్ జామ్ అంటే పెద్ద సంగతేం కాదు. శుక్రవారం సాయంత్రం ఇంటర్నెట్‌లో ఒక మాట ఇస్తారు. 'నీడ' అనో, 'ఆలస్యం' అనో. ఆ మాట పట్టుకుని ఆదివారం సాయంత్రంలోపు ఒక చిన్న వీడియో గేమ్ తయారుచేసి పెట్టాలి. ఎక్కడెక్కడి వాళ్లో పెడతారు. ఆ తర్వాత ఒకరి ఆట ఒకరు ఆడి, బాగుందనో, ఫలానా చోట ఆగిపోయిందనో రాసుకుంటారు. అంతే. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగదు. ఒరగకపోవడమే నాకు హాయిగా ఉండేది.

ప్రోగ్రామ్ రాయడం వచ్చు గానీ నాకు బొమ్మలు రావు. నేను ఆవును గీస్తే మంచంలా ఉంటుంది. అందుకని జట్టు కావలసినవాళ్లు రాసుకునే చోట ఒకసారి, బొమ్మలు వేసేవాళ్లు కావాలి, తెలుగువాళ్లయితే మరీ మంచిది అని రాశాను. మర్నాడు పొద్దున్నే జవాబొచ్చింది. 'నమస్తే అండి. నాకు బొమ్మలొచ్చు. మాది యానాం. శని ఆదివారాలు మాత్రమే ఖాళీ.'

ఆ చివరి మాటకి అర్థం తర్వాత్తర్వాత తెలిసింది. డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగానికి వెళ్లబోయే సమయానికి అతని నాన్నగారికి పక్షవాతం వచ్చి మంచాన పడ్డారట. అమ్మ అంతకు ముందే పోయింది. ఆయనకి తినిపించడం, ఒళ్లు తుడవడం, పక్క మార్చడం అన్నీ ఇతనే. మధ్యలో ఒక ఫ్లెక్సీల షాపుకి ఇంట్లోంచే డిజైన్లు చేసి పంపేవాడు. పుట్టినరోజు శుభాకాంక్షలు, అశ్రునివాళి, ఏది అడిగితే అది. శుక్రవారం సాయంత్రం కాకినాడ నుంచి అక్క వస్తుంది. ఆదివారం సాయంత్రం వెళ్లిపోతుంది. ఆ మధ్యలో ఉన్నదే అతని కాలం.

మా మొదటి ఆటకి ఇచ్చిన మాట 'ఒకే మీట'. అంటే ఆడేవాళ్లు ఒక్క మీట నొక్కుతూనే ఆట మొత్తం ఆడాలి. ఏం చేద్దామని ఇద్దరం ఫోన్‌లో చాలాసేపు నసిగాం.

"రేవు దాటించే పంటు పెడదామాండీ?" అన్నాడు అతను. "మనుషులు, మోటార్‌సైకిళ్లు, గేదెలు ఎక్కుతూ ఉంటాయి. ఎప్పుడు బయల్దేరదియ్యాలో చూసుకుని మీట నొక్కాలి. ముందే నొక్కితే ఎవరో ఒకరు రేవులో ఉండిపోతారు. ఆలస్యం చేస్తే పోటు తగ్గిపోయి పంటు ఇసకలో దిగబడిపోతుంది."

"రేవులో ఉండిపోయినవాళ్లు ఏం చేస్తారు?"

"ఏం చేస్తారండీ, చెయ్యూపుతారు."

చెయ్యి ఊపే ఆ చిన్న మనిషిని వెయ్యడానికి అతనికి శనివారం మధ్యాహ్నమంతా పట్టింది. తల వేలిగోరంత కూడా ఉండదు. అయినా చూస్తే, పాపం, పెళ్లికి వెళ్లాల్సిన మనిషి అనిపించేది. ఏ దేశం వాళ్లో, ఆ మనిషిని వదిలి వెళ్లలేక పదేపదే ఓడిపోయామని రాశారు. అది చదివి వినిపిస్తే అతను నవ్విన నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అలా నెలకొకటి, ఒక్కోసారి రెండు. 'బరువు' అన్నప్పుడు నేను మా ఊరి చెరకు ట్రాక్టర్ పెట్టించాను. వెనకనుంచి పిల్లలు గడలు లాగేస్తుంటే, ఫ్యాక్టరీకి చేరేలోపు ఎంత మిగులుతుందన్నది ఆట. ఇదేం గడ్డి అని ఎవరో అడిగితే ఇద్దరం పోటీపడి జవాబు రాశాం. పని చేస్తున్నంతసేపూ ఫోన్ స్పీకర్‌లో పెట్టుకునే ఉండేవాళ్లం. అటునుంచి వాళ్ల నాన్నగారి దగ్గు, స్టీలు గ్లాసులో చెంచా చప్పుడు, అక్క కేకలు. ఇటునుంచి మా అమ్మ.

"ఎవరితోనే ఆ మాటలు?" అనేది అమ్మ.

"ఆట చేస్తున్నామమ్మా."

"ఆడుకోవడానికి మాటలెందుకే అన్ని?"

ఇద్దరం 'అండి' దాటలేదు. రెండేళ్ల పైగా కలిసి పనిచేసినా, ఎంత నవ్వుకున్నా, ఆదివారం సాయంత్రం గడువు దగ్గరపడి ఒకరిమీద ఒకరం విసుక్కున్నా సరే, 'అదేంటండీ, మళ్లీ చెడగొట్టేశారు' అనే విసుక్కునేవాళ్లం. నాకు మాత్రం ఆ 'అండి' చెవిన పడితే చాలన్నట్టు ఉండేది. సోమవారం నుంచి గురువారం దాకా పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని. ఈ సమయానికి అతను ఏం చేస్తుంటాడో నాకు తెలుసు. పదకొండింటికి జావ. రెండింటికి పక్క మార్చడం. తెలియడం వేరు, అక్కడ ఉండడం వేరు.

మేం చేసినవాటిలో అందరికీ నచ్చింది బల్లి ఆట. ఆ శుక్రవారం ఇచ్చిన మాట 'చిన్న చోటు'. అతను ఆలోచించను కూడా ఆలోచించలేదు.

"ఒక గదండి. మంచం మీద పెద్దాయన పడుకుని ఉంటాడు. ఆడేవాళ్లు గోడ మీద బల్లి. ఆయన మీద దోమ వాలకుండా పట్టుకోవాలి. ఆయనకి బల్లి ఉన్నట్టు తెలియకూడదు."

"తెలిస్తే?"

"లేవలేడు కదండీ. భయపడతాడు."

లేతాకుపచ్చ గోడ, మేకుకి వేలాడే క్యాలెండరు, కిటికీ ఊచల మధ్యనుంచి పడే ఎండ చార, మూల స్టూలు మీద మందుల డబ్బా. ఎండ చార పొద్దున్నించి సాయంత్రానికి గోడ మీద మెల్లగా జరుగుతుంది. అంతకుమించి ఆ ఆటలో ఏమీ జరగదు. ఆడినవాళ్లు మాత్రం వదల్లేకపోయామని రాశారు.

ఆ తర్వాత వచ్చిన వేసవిలో ఒక బుధవారం కాలేజీలో ఉండగా అతని ఫోన్ వచ్చింది. బుధవారం ఎప్పుడూ చెయ్యడు. తియ్యకముందే నాకు తెలిసిపోయింది.

"నాన్నగారు పోయారండి" అన్నాడు.

ఆదివారం నేను యానాం వెళ్లాను. 'చావింటికి ఏమీ పట్టుకెళ్లకూడదు, గుర్తుంచుకో' అని మాత్రం అంది అమ్మ, ఇంకేం అడగలేదు. రావులపాలెంలో ఒక బస్సు, అమలాపురంలో ఇంకో బస్సు మారాను. యానాం టికెట్ అడిగితే కండక్టరు నన్ను ఎగాదిగా చూసి, "ఇవాళ్టి గుంపంతా అక్కడి చవక మందు కోసమేనండి, మీరొక్కరే వేరే పనిమీద వెళ్తున్నట్టున్నారు" అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. ఎదుర్లంక దాటి వంతెన ఎక్కాక గోదావరి ఎంత వెడల్పు ఉందో చూసి నాకు ఎందుకో భయం వేసింది. ఇన్నాళ్లూ ఇది మధ్యలో ఉందన్నమాట అనుకున్నాను.

ఇల్లు వెతుక్కోనక్కర్లేకపోయింది. వీధి మలుపులో ఉన్న మెట్లను గుర్తుపట్టాను. అవి మా 'ఆలస్యం' ఆటలోవి. పెరటి గోడ మీది పగులు ఇంకో ఆటలోది. నేను ఎప్పుడూ అడుగుపెట్టని ఆ ఇంట్లో ఏ గుమ్మం ఎక్కడుందో నాకు తెలుసు. అతను కొత్తగా ఏమీ ఊహించలేదు. రెండేళ్లుగా తన ఇంటినే ముక్కలు ముక్కలుగా గీసి నాకు పంపించాడు.

అక్క నన్ను చూడగానే, "నువ్వేనామ్మా? గొంతు పోల్చుకుందామంటే ఇంకా మాట్లాడలేదు నువ్వు" అని చెయ్యి పట్టుకుంది. "శుక్రవారం వచ్చిందంటే గేటు దగ్గర నిలబడేవాడమ్మా నా కోసం. నా కోసమేంలే, నీ కోసమే."

అతను లోపలి గదిలో ఉన్నాడు. పెరిగిన గడ్డం, నలిగిన చొక్కా. నేను మనసులో అనుకున్నదానికంటే పొడుగు. లేచి నిలబడి, "ఇంతదూరం వచ్చారాండీ" అన్నాడు. అది ఆ లేతాకుపచ్చ గది. మంచం తీసేశారు. అది ఉన్న చోట దీపం వెలుగుతోంది. గోడ వైపు చూసి, "బల్లి ఏదండీ?" అన్నాను.

"ఉందండి. దీపానికి పురుగులొస్తున్నాయి కదా, ఆ పక్క గోడకి మారింది" అని చూపించాడు.

ఇద్దరం కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాం. అంత దగ్గరగా కూర్చోవడం అదే మొదటిసారి. ఎండ చార గోడ మీద ఎక్కడుందో చూసి టైం ఎంతయిందో చెప్పగలను నేను. చెప్పలేదు. లేచేటప్పుడు, చావింట్లో 'వెళ్లొస్తాను' అనకూడదు కాబట్టి ఏమీ అనకుండా చెప్పులు వేసుకుని నడిచాను. అతనూ రమ్మనలేదు. ఆచారమే కావచ్చు గానీ, వంతెన దాటేదాకా ఆ అనని మాట నా గొంతులోనే ఉంది.

ఇక అతనికి వారమంతా ఖాళీయే కదా అని, ఆ దుఃఖంలోనే నాలో ఒక చిన్న ఆశ పుట్టింది. నెల తిరిగాక వచ్చిన శుక్రవారం ఫోన్ చేసి, ఇవాళ జామ్ ఉందని చెప్పాను.

"నన్ను వదిలెయ్యండి" అన్నాడు. మాట మెత్తగానే ఉంది. "కంప్యూటర్ ముందు కూర్చోబుద్ధి కావట్లేదండి. అప్పుడు బయటికెళ్లే వీల్లేక లోపల చేసుకున్నాను. ఇప్పుడు ఊరికే నడుస్తున్నానండి. పొద్దున్న లేచి ఎటైనా సరే నడుస్తున్నాను."

పొలాల్లో సోలార్ పంపులు బిగించే కంపెనీలో చేరాడు. నెలకో జిల్లా, ఆ తర్వాత నెలకో రాష్ట్రం. కొండల ఫొటోలు, ముళ్లచెట్ల ఫొటోలు పంపేవాడు. 'ఇక్కడ కాలవలు లేవండి, ఎంత చూసినా మట్టే' అని ఫోన్‌లో అనేవాడు. అంత సంతోషంగా అతను మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఫోన్ చేసి చెప్పేశాను.

"నాకు మీరంటే ఇష్టమండి. ఆటల కోసం కాదు."

"తెలుసండి" అన్నాడు. "నాకూ ఉంది. కానీ ఒక ఇంటికి తిరిగిరావాలి అనుకుంటేనే ఊపిరాడట్లేదండి నాకు. అది ఎన్నాళ్లకి పోతుందో తెలీదు. తెలీకుండా మిమ్మల్ని ఉండమంటే బాగోదు."

"నేను ఉంటే?"

"అది మీ ఇష్టం. నేను మాత్రం అడగనండి."

ఆ రోజు తర్వాత మేము తక్కువగా మాట్లాడుకున్నాం. నేను జామ్‌లు మానలేదు. బొమ్మలు నేనే వేసుకోవడం నేర్చుకున్నాను. ఆవు ఇప్పుడు ఆవులాగే ఉంటుంది, కాళ్లే కాస్త అటూ ఇటూ. మొన్న ఒక ఆదివారం, అప్పుడే పూర్తయిన ఆట అమ్మకి ఇచ్చాను. కాలవ గట్టు మీద ఎండలో బాతుల్ని తోలుకుపోయే ఆట. అమ్మ కళ్లజోడు సర్దుకుని, బాతులన్నిటినీ కాలవలో పోగొట్టి, "ఇంత గట్టుంది, ఒక్క మనిషీ లేడేంటే?" అంది.

గడువు ఇంకా ఉంది కాబట్టి ఒక మనిషిని పెట్టాను. తూము మీద కూర్చున్న ఒకావిడ. ఆమెకి ఆటలో ఏ పనీ లేదు. బాతులు వెళ్తుంటే చూస్తుంది, అంతే. అలాగే పెట్టేసి, సోమవారం పరీక్ష పేపర్లు తయారుచేసుకోవడానికి లేచాను.

రెండు వారాల తర్వాత అతని దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. ఎక్కడో ఎడారి ఊళ్లో లాడ్జిలో ఉన్నాడట, ఫోన్‌లో ఆడాడట.

'బాతులు బాగున్నాయండి. తూము మీద కూర్చున్నావిడకి ఒక గొడుగు ఇవ్వాల్సింది. చాలా ఎండగా ఉంది.'

జామ్ ఎప్పుడో అయిపోయింది. ఆ ఆటని మళ్లీ ఎవరూ ఆడరు. అయినా లాప్‌టాప్ తెరిచి గొడుగు గీయడానికి కూర్చున్నాను. పిడి వంకరగా వచ్చింది. చెరిపి మళ్లీ గీశాను.