గీజరు తినగా మిగిలిన కరెంటు

2004 డిసెంబరులో ఒక పొద్దున, ధర్మవరంలో ఒక నేతగాని ఇంటి నడిమి గదిలో, ఓబులేసు అనే ఎలక్ట్రీషియన్ స్టూలెక్కి స్విచ్ బోర్డు పలక విప్పాడు. లోపల లావుపాటి ఎర్రవైర్లు కొత్తగా మెరుస్తున్నాయి. వాటి మధ్య ఒకే ఒక సన్నని నల్లవైరు, పైనున్న ప్లాస్టిక్ కరిగి ముద్దలు ముద్దలుగా వేలాడుతోంది.

"ఆగప్పా, మెయిన్ తీసేసి వస్తా. అందాకా చెయ్యి పెట్టొద్దు. టెస్టరన్నా పెట్టి చూడు" అన్నాను.

"నల్లదానికి టెస్టరెందుకు సార్? అది వట్టి వైరు" అని అతను దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని బయటికి లాగాడు.

నేనింకా గడప దాటలేదు. వెనక స్టూలు పడిన చప్పుడు, ఆ వెంటనే దారాలు పుటపుట తెగిన చప్పుడు వినిపించాయి. తిరిగి చూస్తే ఓబులేసు మగ్గం మీద వెల్లకిలా పడి ఉన్నాడు. అతని మోచేతి కింద పట్టు పడుగు, అంటే మగ్గానికి నిలువునా బిగించిన దారాలు, జానెడు మేర తెగిపోయి ఉంది. ఇంటాయన గంగాధరప్ప మనిషిని చూడాలో పడుగును చూడాలో ఒక్క క్షణం తేల్చుకోలేకపోయాడు. తర్వాత పడుగునే చూశాడు.

ఓబులేసు లేచి కూర్చుని చేతిని విదిలించుకుంటూ, నమ్మిన మనిషి మోసం చేసినట్టు నా వైపు చూశాడు. "నల్లది కొట్టింది సార్! నల్లది!"

మాది హిందూపురం. ఇళ్లకు వైరింగు చేయించే కాంట్రాక్టు పని. ఆదివారాల్లో పెనుకొండకు పోయి, ఈ పని నేర్చుకునేవాళ్లకు పాఠాలు చెప్పేవాణ్ని. గంగాధరప్ప బంధువుల ఇంటికి హిందూపురంలో నేను పని చేసి ఉన్నాను. వాళ్ల మాట మీద ఆయన నన్ను పిలిపించాడు. ఆయన ఇల్లు కొత్తది. వైరింగంతా ఓబులేసు చేశాడు. నిజం చెప్పాలంటే అతను చెడ్డ పనివాడు కాదు. పైపులు తీగ కట్టినట్టు తిన్నగా వేస్తాడు, అతుకులు గట్టిగా వేస్తాడు. నల్లచెరువు వైపు బోరు మోటార్ల దగ్గర పని నేర్చుకున్నాడు. పది మంది పిలిచి పని ఇచ్చే మనిషి.

చలికాలం మొదలైనప్పటి నుంచి ఆ ఇంట్లో పొద్దున పూట కాలిన వాసన వస్తోంది. గంగాధరప్ప ఓబులేసును పిలిచాడు. గీజరుకు వేసిన వైరు చాలడం లేదని ఓబులేసు తేల్చాడు. అంతకంటే లావు ఎర్రవైరు తెచ్చి అదే పైపులోకి లాగాడు. వాసన తగ్గలేదు. పంపుకు కూడా లావు ఎర్రవైరు లాగాడు. వాసన ఎక్కువైంది. ఈసారి గీజరుతో పాటు ఇంట్లో అన్నీ ఆగిపోయాయి, బోర్డులోంచి పొగ వచ్చింది. అప్పుడు నన్ను పిలిచారు.

వైరు సైజు గురించి ఇక్కడ కాస్త చెప్పాలి. దుకాణంలో ఒకటి, ఒకటిన్నర, రెండున్నర, నాలుగు అని అడుగుతారే, అవి స్క్వేర్ ఎంఎం. వైరును అడ్డంగా కోస్తే కనిపించే రాగి ముఖం వైశాల్యం అది. పైనున్న ప్లాస్టిక్‌కు ఆ లెక్కతో సంబంధం లేదు. వేళ్ల మధ్య నలిపి చూసి "బాగా లావుండాది" అని కొనేవాళ్లు చాలాసార్లు ప్లాస్టిక్ కొంటున్నారు. పాతకాలం వాళ్లు మూడు-ఇరవై, ఏడు-ఇరవై అనేవాళ్లు. మొదటి అంకె తీగల సంఖ్య, రెండోది తీగ గేజి. గేజి అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. ఇళ్లలో లైట్లకూ ఫ్యాన్లకూ ఒకటి గానీ ఒకటిన్నర గానీ వేస్తారు. పెద్ద ప్లగ్గులకు రెండున్నర, గీజరుకు నాలుగు వేస్తే నిశ్చింత. ఇంతవరకూ ఓబులేసుకు నాకంటే బాగా తెలుసు. గీజరుకు నాలుగే వేశాడు.

అయితే ఆ నాలుగు ఎర్రవైరు ఒక్కటే. బోర్డు నుంచి గీజరుకు ఒక ఎర్రవైరు, నీళ్ల పంపుకు ఒకటి, ఫ్రిజ్జుకు ఒకటి, దారం కండెలు చుట్టే మిషన్ మోటారుకు ఒకటి, దేనికది విడివిడిగా లావుగా పోయాయి. ఎర్రది ఫేజు, కరెంటు వచ్చే దారి. నల్లది న్యూట్రల్, కరెంటు తిరిగి పోయే దారి. అన్నింటికీ కలిపి తిరుగు దారిగా ఓబులేసు ఒకే ఒక సన్న నల్లవైరు, లైట్లకు వేసే ఒకటి సైజుది, ఇంటి చుట్టూ తిప్పి వదిలేశాడు. పొద్దున గీజరు, పంపు, మిషన్ కలిసి నడిచినప్పుడు నాలుగు దారుల్లో పోయిన కరెంటంతా ఆ ఒక్క సందులోంచే వెనక్కి రావాలి. ఆ వైరు కాలక ఏం చేస్తుంది?

ఫ్యూజు ఎందుకు పోలేదు? ఫ్యూజులుండేది ఎర్రవైర్ల మీద. ఏ ఎర్రవైరుకు ఆ ఎర్రవైరు తన హద్దులోనే ఉంది. మెయిన్ ఫ్యూజు ఇల్లంతటి లోడుకూ సరిపోయేలా వేసినది, దానికీ ఇది ఎక్కువ కాదు. హద్దు దాటింది నల్లది ఒక్కటే, దాని మీద ఫ్యూజు ఉండదు, ఉండకూడదు. పొగ వచ్చిన రోజునే నల్లవైరు మెయిన్ దగ్గర అతుకులో కాలి తెగింది. గీజరు స్విచ్ వేసే ఉంది. ఎర్రవైరులో వచ్చిన కరెంటు గీజరు గుండా నల్లదాంట్లోకి వచ్చి, పోవడానికి దారి లేక నిలబడింది. ఓబులేసు చెయ్యి దారి చూపించింది. స్టూలు చెక్కది కాబట్టి, పడిపోవడంతో పట్టు వదిలింది కాబట్టి సరిపోయింది.

నాకు దిగులు పుట్టించింది ఆ బోర్డు ఉన్న చోటు. అది గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు పెట్టుకుని నేసేది. అటూ ఇటూ జరిపే వస్తువు కాదు. మగ్గం పైన, చీర డిజైనుకు దారాలు ఎత్తే జకార్డు ఇనుప చట్రం, దానికి జానెడు దూరంలో ఆ బోర్డు. కరిగిన వైరు ఆ ఇనుముకు తగిలిన రోజున, మట్టిలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న గంగాధరప్ప సంగతేమిటి?

మెయిన్ తీసేసి, ఇదంతా ఆయనకు విడమరిచి చెప్పాను. ఆయన తెగిన పోగులను ఒక్కొక్కటే ముడివేస్తూ, తలెత్తకుండా విన్నాడు.

"నల్లదాంట్లో అంత కరెంటు యాడుంటాదప్పా? గీజరు తినేసినాక మిగిలింది గదా వెనక్కి వచ్చేది?"

"అదే నేను చెప్తాండేది" అన్నాడు ఓబులేసు మూలనుంచి, చెయ్యి నలుపుకుంటూ. "నాలుగు ఆంపియర్లు పోతే, గీజరు మూడు తింటే, వచ్చేది ఒకటే గదా సార్? దానికి లావు వైరెందుకు?"

అప్పుడు నాకు అర్థమైంది. ఇది తొందరపాటు కాదు, కక్కుర్తి కాదు. ఈ మనిషి లెక్క కట్టి మరీ సన్నది వేశాడు.

"కరెంటు అట్లా తరగదప్పా. పోయిన ఆంపియర్లు పోయినన్నీ తిరిగి రావాలి" అన్నాను.

"మరి తింటాదంటారే అందరూ?" అన్నాడు గంగాధరప్ప. "గీజరు కరెంటు బో తింటాదని మీరే అన్యారు ఇందాక."

అన్నాను. ఆయన ఊరుకోలేదు. "నాడె చూడు. ఆ పక్కకు పోయేటప్పుడు కండె నిండుగా ఉంటాది. ఈ పక్కకు వచ్చేటప్పటికి అంత దారం తగ్గింటాది. తిరిగొచ్చేది ఎప్పుడూ తక్కువేనప్పా."

నాడె, అంటే కండెను మోస్తూ పడుగు మధ్య అటూ ఇటూ పరిగెత్తేది, ఆయనది. మగ్గం ఆయనది. ఆ దారిలో పోతే నేను గెలవలేను. చుట్టూ చూస్తే కండెలు చుట్టే మిషన్ కనపడింది. "సరే, ఆ మిషన్ బెల్టు చూడన్నా. బెల్టు పోయి చక్రాన్ని తిప్పి, పోయినంతా తిరిగొస్తుంది. చక్రం బెల్టును తింటుందా?"

"తింటాది" అన్నాడు గంగాధరప్ప. "పోయిన నెలే కొత్తది ఏస్తిమి."

పాఠాలు చెప్పేవాడికి ఇలాంటి గడియ ఒకటి వస్తుంది. చేతిలో ఉన్నది పట్టకారు అన్న సంగతి మరిచిపోయి, దాన్ని ఎక్కడికైనా విసరాలనిపిస్తుంది. నేను సంచిలోంచి టాంగ్ టెస్టర్ తీశాను. వైరును కోయకుండా, దాని చుట్టూ దవడలా మూస్తే లోపల పారే ఆంపియర్లు చూపించే మీటరు అది. తెగిన అతుకు తాత్కాలికంగా వేసి, అందరినీ మగ్గానికి దూరంగా నిలబెట్టి, మెయిన్ వేసి, గీజరూ పంపూ మిషనూ నడిపించాను. ఒక్కో ఎర్రవైరుకు పెట్టి చూపించాను. తర్వాత నల్లదానికి పెట్టాను. ఎర్రవాటి అంకెలన్నీ కలిపితే ఎంతో, దాదాపు అంత చూపించింది.

గంగాధరప్ప వంగి చూశాడు. "మీ మీటరు చెడిపోయింటాది" అన్నాడు.

ఓబులేసు మాత్రం మీటరు తన చేతిలోకి తీసుకుని, మళ్లీ ఎర్రదానికి పెట్టాడు, మళ్లీ నల్లదానికి పెట్టాడు. గీజరు ఆపి చూశాడు, వేసి చూశాడు. గీజరు ఆగగానే నల్లదాంట్లో ఎంత తగ్గిందో, గీజరు ఎర్రవైరులోనూ అంతే తగ్గింది. అతని పెదవులు లెక్క కడుతున్నట్టు కదిలాయి.

అప్పటిదాకా వంటింటి వాకిట్లో నిలబడి చూస్తున్న గంగాధరప్ప భార్య లక్ష్మీదేవమ్మ అంది: "ఆ గోడ పొద్దున్నే వెచ్చగా ఉంటాదన్నా. పిల్లి ఆడనే పండుకుంటాది. చలికని అనుకుంటి."

"నువ్వు ఊరికే ఉండు" అన్నాడు గంగాధరప్ప.

"ఊరికేనే ఉండా ఇన్ని దినాలూ" అందామె.

బోర్డు కింద, పైపు దిగిన చోట, గోడకు ఆనించి గోనెసంచులున్నాయి. వాటి మీద పిల్లి బొచ్చు అంటుకుని ఉంది. "ఒకసారి చెయ్యి పెట్టి చూడన్నా" అన్నాను. ఆయన పెట్టాడు. పట్టు పోగు తెగితే వేలి కొసతో పసిగట్టే చెయ్యి అది. కాసేపు అలాగే ఉంచి, తీసి, పంచెకు తుడుచుకున్నాడు. మెయిన్ తీసేయమని చెప్పాడు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. ఆ నల్లవైరు తీసి లావుది లాగుదామంటే, ఓబులేసు రెండుసార్లు ఎర్రవైర్లు పెంచడంతో పైపులో సూది దూరే సందు లేదు. గోడ కొట్టి కొత్త పైపు వేయాలి.

"గోడ ముట్టుకుంటే మర్యాద దక్కదు" అన్నాడు గంగాధరప్ప. "మొన్ననే లప్పం పెట్టించి రంగేయించినా. కావాలంటే గీజరు పీకేస్తా."

"గీజరు పీకితే నీళ్లు నువ్వే కాచుకో" అంది లక్ష్మీదేవమ్మ.

చివరికి ఒప్పందం ఒకటి కుదిరింది. గోడ మీదుగానే తెల్లటి ప్లాస్టిక్ పట్టీ బిగించి, అందులో గీజరుకూ పంపుకూ విడివిడిగా, ఎర్రదానితో సమానమైన లావున్న నల్లవైర్లు మెయిన్ దాకా లాగాము. పాత సన్న నల్లవైరు కరిగిన మేర కోసి కొత్త ముక్క అతికాము; ఫ్రిజ్జు, మిషన్, లైట్లు మాత్రం దాని మీదే మిగిలాయి. వాటి మట్టుకు అది మోస్తుంది, ఇంకేమీ తగిలించకపోతే. ఆ మాట గంగాధరప్పకు గట్టిగా చెప్పాను. ఆయన పట్టీ వైపు చూస్తూ, "గోడకు నామం పెట్టినట్టు ఉండాది" అని బాధపడ్డాడు.

తర్వాతి ఆదివారం ఓబులేసును పెనుకొండ క్లాసుకు రమ్మన్నాను. వచ్చాడు. జరిగింది అతని నోటితోనే చెప్పించాను. అతను నిజాయితీగా మొదట తన లెక్క చెప్పాడు: గీజరు తింటుంది, మిగిలింది వస్తుంది. నేర్చుకునేవాళ్లలో సగం మంది తలూపారు. వాళ్లకు నేను అప్పటికి ఎన్నో వారాలుగా వైరు సైజుల పట్టిక నేర్పి ఉన్నాను. ప్రతి ఒక్కడూ తప్పు లేకుండా ఒప్పజెప్పగలడు. ఒకటిన్నరకు ఎన్ని ఆంపియర్లు, రెండున్నరకు ఎన్ని, నాలుగుకు ఎన్ని. ఆ పట్టిక ఎర్రవైరుకు మాత్రమే అనుకుని ఒప్పజెప్తున్నారు.

ఆ రోజు నుంచి నేను పట్టికతో పాఠం మొదలుపెట్టలేదు. కొత్తగా వచ్చినవాళ్లను ముందు ఒకటే అడిగేవాణ్ని: గీజరు తినగా మిగిలే కరెంటు ఎంత? ఎవరో ఒకరు అంకె చెప్పేవారు. అక్కడి నుంచి మొదలుపెట్టేవాణ్ని. మనం "తింటుంది" అనేది బిల్లులో యూనిట్లను, వైరులో పారే ఆంపియర్లను కాదు. ఈ ఒక్క తేడా తెలిస్తే పట్టిక పనికొస్తుంది. తెలియకపోతే పట్టిక ఎంత బాగా వస్తే అంత ప్రమాదం, ఎందుకంటే తప్పును ధైర్యంగా చేస్తారు. మా పాత మేస్త్రీలు న్యూట్రల్‌ను రిటన్ వైరు అనేవాళ్లు. ఆ పేరు పోవడమే నష్టమైందేమో అనిపిస్తుంది.

క్లాసు అయ్యాక ధర్మవరం పాసింజరు కోసం స్టేషన్లో కూర్చున్నప్పుడు ఓబులేసును అడిగాను: "ఇట్లా ఎన్ని ఇళ్లకు వేసుంటావప్పా?"

"యాడ గుర్తు పెట్టుకున్యా సార్! వేసినవన్నీ ఇట్లే గదా."

"పోయి చెప్పాల గదా మరి."

"ఏమని చెప్పేది? బాగుండే ఇంటికి పోయి, మీ గోడ పగలగొట్టుకోండి అంటే ఊరుకుంటారా?" అన్నాడు. పాసింజరు కనపడగానే లేచి, "పోతాలే సార్" అన్నాడు.

మాట తప్పలేదు. గుర్తున్న ఇళ్లకు పోయాడు. ఇద్దరు వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడి పంపేశారట. ఒకాయన మెయిన్ బోర్డు తెరిచి, ఫ్యూజులన్నీ చూపించి, "ఒక్కటన్నా పోయిందా?" అని అడిగాడట. పోలేదు. ఓబులేసు దగ్గర జవాబుంది గానీ, వినేవాళ్లు లేరు.

ఆ తర్వాత అతను వేసిన ఇళ్లకు నల్లవైరు ఎర్రదానంత లావే వేశాడు. అంతకు ముందు వేసిన ఇళ్లు ధర్మవరంలో అలాగే ఉన్నాయి. వాటిలో గీజర్లు కొత్తగా వచ్చి చేరుతున్నాయి. ఫ్యూజులు పోవడం లేదు, కాబట్టి మమ్మల్ని ఎవరూ పిలవడం లేదు.