ఖాళీ పేజీ మీది సంతకం

రెండువేల ఆరు ప్రాంతం. కొత్తగూడెంల ఇల్లందు బస్సెక్కిన. నా పక్క సీట్ల ఇరవై ఏండ్ల పిలగాడు. కాళ్ళకాడ ఫుట్‌బాల్ బూట్లు, ఒళ్ళె బాటనీ రికార్డు. బస్సు ఆగినప్పుడల్లా ఆకు బొమ్మ గీస్తుండు, కదలంగనే పెన్సిల్ చెవి మీద పెట్టుకుంటుండు.

తీరా చూస్తే, ఆ పేజీ కింద లెక్చరర్ సంతకం ముందే ఉంది.

"సంతకం అయినంక గీసుడేంది తమ్మీ?" అన్న.

"కాలేజీ టీంల ఆడుతున్న సార్. మాకు ఖాళీ రికార్డు మీదనే సంతకం పెట్టి ప్రాక్టికల్ మార్కులు ఏసిండ్రు. పరీక్షలు గూడ అయిపోయినయ్."

"మరి ఇప్పుడెందుకు ఈ తిప్పలు?"

"ఆడకుండనే గోల్ రాసుకుంటే అది గోలా సార్?"

టేకులపల్లి వచ్చే వరకు ఇంకో రెండు బొమ్మలు పూర్తి చేసిండు. ఆగుకుంట పోయే బస్సుల గంత సాఫుగ గీసిన బొమ్మలు నేను మళ్ళ ఏ రికార్డుల చూడలే.

బూట్లు భుజానేసుకొని దిగబోతూ, "మీరేం చేస్తరు సార్?" అని అడిగిండు.

నేను ఇంకో కాలేజీల బాటనీ చెప్తా. మా టీం పిల్లల ఖాళీ రికార్డుల మీద సంతకాలు పెట్టి అప్పటికి వారం గూడ కాలే.

"బట్టల దుకాణం" అన్న.