అత్త తీసిన కాలువ

డిగ్రీలో నేను చదివింది ఎకనామిక్స్. గాలి, నీరు ఉచిత వస్తువులని మొదటి పాఠంలోనే బట్టీ పట్టించారు. ఆ పాఠం రాసినాయన మణుగూరు దారిలో ఉన్న మా ఊరికి ఎన్నడూ వచ్చి ఉండడు.

మా బావి నాన్న తవ్వించింది. తవ్వినవాళ్లలో అడవి అంచు గూడెం నుంచి వచ్చిన ఒక జంట ఉంది. ఆ ఇంటావిడను మేము అత్తా అని పిలుస్తాం. ఆమె చేను మా పొలానికి దిగువన ఉంది. ఏటా వానలు తగ్గగానే కాలువలో పూడిక ఆమే తీసేది. మా మళ్లు తడిశాక, ఎవరినీ అడగకుండా, తనే మడవ తిప్పి నీళ్లను తన మిరపతోటకు మళ్లించుకునేది. కాగితం లేదు. కాలువ తీసినవాళ్లకు నీళ్లు, అంతే.

నాన్న పోయాక పొలం తమ్ముడి పేరు మీదికి వచ్చింది. మిర్చికి వరుసగా తెగులు తగిలేసరికి వాడు పంట మానేశాడు. బావి నుంచి రోడ్డు దాకా పైపు వేసి, కాలనీలకు ట్యాంకర్లతో నీళ్లు అమ్మడం మొదలుపెట్టాడు.

"ఆ నీళ్లల్ల అత్తకు హక్కున్నదిరా" అన్నాను.

"బావి నా పట్టాల ఉన్నదక్కా. ట్యాంకర్ నీళ్లకు తెగులు రాదు."

"నీకొచ్చింది కదా, చాలదా?"

ఆ ఏడు కూడా అత్త పార పట్టుకుని వచ్చింది. చుక్క నీరు రాని కాలువను ఈ చివర నుంచి ఆ చివర దాకా తీసింది. తీయకపోతే హక్కు పోతుందని ఆమె నమ్మకం. తమ్ముడు గట్టు మీద నిలబడి నవ్వాడు.

"ఏంది అత్తా, దుమ్ము పారిస్తవా?"

"నీ ముడ్డి కడిగింది గీ కాలువ నీళ్లతోనే అల్లుడా. అప్పుడు అమ్మకపోతివి?"

నేను ఊరుకోలేదు. ఇంట్లో, రోడ్డు మీద, ట్యాంకర్ డ్రైవర్ల ముందు కూడా పోట్లాడాను. చివరికి వాడు విసిగిపోయి, ఒక ట్యాంకర్ ఊరికే పంపిస్తానన్నాడు. గెలిచాననుకుని అత్త దగ్గరికి పరుగెత్తాను. తోట పూత మీద ఉంది. ఆకులు అప్పటికే వాలిపోయాయి.

"వద్దు బిడ్డా" అన్నది. "గది తీస్కుంటే, గిన్నేండ్లు నేను పారిచ్చుకున్నయి గూడ మీ ఇంటోళ్లు చేసిన ధర్మమే అయితది."

"తోట చచ్చిపోతున్నదత్తా!"

"అవ్. కనపడ్తనే ఉన్నది."

పూతతోనే తోట ఎండిపోయింది. మొక్కలు అత్తే పీకి పొయ్యిలోకి మోసుకుపోయింది.

ఈ ఏడు వానలు తగ్గి, పూడిక తీసే రోజులొచ్చాయి. అత్త రాలేదు. కాలువ నిండా గడ్డి మొలిచింది. తమ్ముడు అది చూపించి, "నేను గుంజుకోలే అక్కా. అత్తే ఇడిసిపెట్టింది" అన్నాడు.

నిజంగానే ఇడిసిపెట్టినవా అని అత్తనే అడుగుదామని గూడేనికి వెళ్లాను. తడిక వేసి ఉంది. కారేపల్లి దిక్కు కూలికి పోయిందని పక్కింటామె చెప్పింది. ఎవరిదో మిరపతోటకు నీళ్లు కట్టే పనట.