డాబా మీద తూర్పు సగం

మచిలీపట్నంలో మాది నాలుగు వాటాల చిన్న అపార్టుమెంటు. సోలార్ పెట్టించుకుందామని అనుకున్నప్పుడు ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టడం గురించీ, తుఫాను గాలుల గురించీ నేనూ మా ఆయనా చాలా మాట్లాడుకున్నాం. ఇరుగుపొరుగు సంగతి తట్టలేదు. డాబా ఉమ్మడిది కాబట్టి మిగతా మూడు వాటాలవాళ్ళూ ఒప్పుకోవాలన్నారు కరెంటాఫీసులో.

అందరికంటే ముందు ఒప్పుకున్నది కింది వాటా పిన్నిగారు. చుట్టరికమేమీ లేదు, అలవాటైన పిలుపు. వాళ్ళది చేపలవేట మీద బతికిన కుటుంబం. భర్త పోయాక ఎండుచేపల వ్యాపారం చేసి, ఆ వాటా తనే కొనుక్కుంది. డాబా మీద తూర్పువైపు పాత వలలు పరిచి నెత్తళ్ళు, రొయ్యలు ఎండబెట్టేది.

"మంచి పనేగా అమ్మాయ్, పెట్టించుకో. ఎండ ఎవరబ్బ సొమ్ము?" అని నవ్వుతూ సంతకం పెట్టింది.

పై వాటాల వాళ్ళిద్దరూ మాత్రం నాన్చారు. ఒకాయన స్లాబుకి బోల్టులు దించితే వాన కారుతుందన్నారు. రెండో ఆయన, రిటైరైన హెడ్మాస్టరు, ఎప్పుడడిగినా "చూద్దామండీ" అనేవారు. చివరికి ఒక ఆదివారం ఇద్దరూ కలిసి మా ఇంటికొచ్చారు.

"తూర్పువైపు పెట్టించుకోండమ్మా, సంతకాలు పెట్టేస్తాం," అన్నారు మాస్టారు.

"పడమరవైపు ఖాళీయే కదండీ. బట్టల దండేలు తప్ప ఏమీ లేవు."

మాస్టారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. "ఆ వాసన మీకు మాత్రం బాగుంటుందా, చెప్పండి? మొహం మీద ఎవరం అనలేం. ఇలాగైతే గొడవ లేకుండా పోతుంది."

మా ఆయన నా వైపు చూశారు. నేను కాదనలేదు. నిజానికి డాబా మీద ఆరిన చీర కట్టుకుని గుడివాడ కాలేజీలో ఉద్యోగానికి బస్సులో వెళ్తూ, పక్క సీటావిడకి వాసన కొడుతుందేమోనని ఎన్నోసార్లు ముడుచుకు కూర్చున్నాను. పిన్నిగారితో మాత్రం "మాకేం ఇబ్బంది లేదండీ" అనేదాన్ని.

ప్యానెళ్ళు బిగించే కుర్రాళ్ళు ఎటు పెట్టినా ఒకటేనన్నారు. పిన్నిగారికి నేనే వెళ్ళి చెప్పాను, తూర్పువైపే ఎండ బాగా తగులుతుందటండీ అని.

"అట్టాగా! సర్దుకుంటాలే," అని ఆ సాయంత్రమే వలలు చుట్టేసుకుంది.

పడమరవైపు పరిచి చూసింది. బట్టలకి వాసన పడుతోందని రెండో రోజే పైవాళ్ళు గొణిగారు. ఆ తర్వాత గంపలు ఆటోలో వేసుకుని హార్బరు దగ్గర చెల్లెలి ఇంటికి తీసుకెళ్ళడం మొదలుపెట్టింది.

మీటరు మార్చడానికి కరెంటాఫీసువాళ్ళు ఇంకా చాలాసార్లు తిప్పించుకున్నారు. అన్నీ అయ్యి మా ఇంట్లో సొంత కరెంటుతో ఫ్యాను తిరిగిన రోజు మాస్టారు స్వీట్లు అడిగారు. నాకు లడ్డూ కొనాలనే అనిపించలేదు.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన పడింది. పిన్నిగారు తడిసిన గంపతో ఆటో దిగింది. చెల్లెలు ఇంట్లో లేదట, ఎత్తేవాళ్ళు లేక రొయ్యలన్నీ నానిపోయాయి. గంప లోపలికి పట్టుకెళ్ళి, అక్కడే నిలబడి మొత్తం చెప్పేశాను. ఎండ సంగతి అబద్ధమని, మాస్టారు అడిగితే ఒప్పుకున్నానని.

ఆవిడ తల తుడుచుకోవడం ఆపింది.

"వాళ్ళ సంగతి నాకు తెలుసమ్మా. మెట్ల మీద ఎదురైతే పక్కకి తప్పుకుంటారు. నువ్వు అట్టా కాదనుకున్నా. మా చెల్లెలితో కూడా అదే చెప్పా, ఆ అమ్మాయికి పట్టింపుల్లేవే అని."

"ప్యానెళ్ళు పడమరవైపుకి మార్పిస్తాను పిన్నిగారూ."

"ఎందుకూ, మళ్ళీ వాళ్ళచేత మాటలు పడటానికా? నాకొద్దు."

అయినా నేను కంపెనీవాళ్ళకి ఫోన్ చేశాను. మార్చవచ్చుగానీ స్లాబుకి కొత్తగా బెజ్జాలు వెయ్యాలి, పాతవి పూడ్చాలి, కరెంటాఫీసువాళ్ళు మళ్ళీ వచ్చి చూడాలి అన్నారు. మా ఆయన విని, "ఆవిడే వద్దంటోందిగా," అన్నారు.

నాకూ ఆ మాటే చాలనిపించింది. ఫోన్ పెట్టేశాను. పిన్నిగారిని రెండోసారి అడగలేదు.