పన్నెండు దాకా విడవని గ్రహణం

మా ఇంట్లో ఒకసారి సూర్యగ్రహణం మధ్యాహ్నం పన్నెండు దాకా విడవలేదు. పంచాంగంలో పదిలోపలే మోక్షం అని ఉంది. ఊరంతా స్నానాలు చేసి, తిని, పనుల్లోకి పోయినారు. మాకు మాత్రం పట్టుకునే ఉండాది. కారణం రాహువు కాదు, నేను. నవ్వేవాళ్ళు నవ్వండి, నేనేం సిగ్గుపడను.

తొంభై అయిదులో, దీపావళి మరుసటి రోజు. అప్పుడు సత్యవేడు దగ్గర ఉండేవాళ్ళం. గ్రహణం పట్టగానే ఇత్తడి పళ్లెంలో పసుపునీళ్లు పోసి రోకలి నిలబెట్టడం మా అత్తగారింటి ఆచారం. పట్టు ఉన్నంతసేపూ రోకలి దానంతటదే నిలబడుతుంది, విడవగానే పడుతుంది. అది పడితేనే స్నానం, స్నానమయితేనే పొయ్యి. అత్తమ్మకు వాళ్ళ అత్త నేర్పింది. చేతులు వణుకుతున్నాయని ఆ ఏడు అత్తమ్మ ఆ పని నాకు అప్పగించింది.

మా మరిది మురళి తిరుపతిలో ఫిజిక్స్ లెక్చరర్. పండగ సాయంత్రమే మొదలుపెట్టినాడు.

"వదినా, అడుగు సమంగా ఉంటే రోకలి ఏరోజైనా నిలబడతాది. మనది అరిగిపోయి ఒక పక్కకి ఒరిగింది. రేపు నిలబడదు, సూడు."

"నిలబడకపోతే?"

"ఈ పస్తులు ఈ ఏటితో సరి. అమ్మా, ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా. నిలబడితే నువ్వు తలకు పోసుకుని దేవుడికి దండం పెట్టాల," అంది అత్తమ్మ, కొంచెం కూడా తడబడకుండా.

నాకూ ఆ అనుమానం ఉంది. అంతకుముందే చాటుగా నిలబెట్టి చూసినాను. నాలుగుసార్లూ పడింది. గ్రహణం లేదు కదా, పడక ఏం చేస్తుందని సర్దిచెప్పుకున్నాను. అయినా, దేవుడికి మన వంతు సాయం మనం చేస్తే తప్పేముంది?

మతాబులు ముట్టించగా కొవ్వొత్తి ముక్క మిగిలి ఉంది. పొద్దున్నే అందరికంటే ముందు వసారాలోకి వచ్చి, పళ్లెం మధ్యలో మైనం కరిగించి పోసి, రోకలి అదిమి పట్టుకున్నాను. గట్టిపడినాక నీళ్లు పోసి, పసుపు దండిగా కలిపినాను. అత్తమ్మ వచ్చి చూసి చేతులు జోడించింది. మురళి రోకలి చుట్టూ రెండుసార్లు తిరిగి చెయ్యి చాపినాడు.

"ముట్టొద్దురా. పట్టులో ముట్టకూడదు," అంది అత్తమ్మ. బతికినాను.

అప్పుడు ఎండ పలచబడింది. వసారా తాటాకు సందుల్లోంచి నేలమీద పడే వెలుగు చుక్కలన్నీ నెలవంకలైపోయినాయి. గడపమీద, అత్తమ్మ చీరమీద, పసుపునీళ్లలో, ఎక్కడ చూసినా నెలవంకలే. "అన్నీ సూర్యుడే వదినా. ఒక్కో సందుకు ఒక్కో సూర్యుడు," అన్నాడు మురళి మెల్లగా. నేను అన్నింటికీ దండం పెట్టినాను. వాదన పెట్టుకోవాలని ఇద్దరికీ అనిపించలేదు.

పదయింది. ఎండ ఫెళ్లున కాసింది. రోకలి కదల్లేదు.

"అమ్మా, ఇడిసిపోయింది. ఎండ సూడు."

"రోకలి పడలేదు కదరా."

"టీవీలో చెప్పినారమ్మా."

"టీవీ వాళ్ళింట్లో రోకలి ఉండాదా?"

మామ కజ్జికాయల డబ్బా మీది దర్భను చూస్తూ కూర్చున్నారు. నేను దబదబా నడిచినాను, తలుపు రెండుసార్లు గట్టిగా వేసినాను. లాభం లేదు. పక్కింటివాళ్ళు వచ్చి రోకలిమీద ముట్టకుండా కుంకుమ చల్లి పోయినారు. పదకొండయింది. పన్నెండయింది. మురళి బస్సు కూడా పోయింది.

"వదినా, ఓడిపోయినా. దాన్ని ఎట్లన్నా పడెయ్యి," అన్నాడు నీరసంగా.

"నేనే తీస్తాలే," అని అత్తమ్మ దండం పెట్టి రోకలి ఎత్తింది. దాంతోపాటు పళ్లెం కూడా లేచింది. జానెడు లేచి, నీళ్లన్నీ మామ పంచెమీద ఒలకబోసి, ఠంగుమని పడింది. రోకలి అడుగున తెల్లటి మైనం, అందులో నల్లటి వత్తి.

మురళి నోరు తెరిచినాడు. అత్తమ్మ మాట్లాడనిస్తేనా.

"నిలబడిందా, లేదా?"

"నిలబడింది గానీ..."

"అయితే పోయి తలకు పోసుకో."

ఆచారం మిగిలింది. మళ్ళీ ఎవరైనా పందెం కడితే మళ్ళీ మైనం పోస్తాను, ఎవరికీ భయపడను. కాకపోతే ఆ మధ్యాహ్నం నేనూ స్నానం చేసి ఆకు ముందు కూర్చుంటే, అత్తమ్మ అందరికీ వడ్డించి నా ఆకు మాత్రం తీసేసింది.

"వాళ్ళకి ఇడిసిందమ్మా. నీకు రేపు పొద్దున ఇడుస్తాది."