తనాజుల్ అనే మాట

మొన్న ఇక్కడ ఒమాన్‌లో, బౌషర్‌లోని మా రూమ్ గీజర్ పాడైతే కొత్తది కొనడానికి కొట్టుకు వెళ్లాను. పెట్టె మీద నాకు బాగా తెలిసిన నీలం చుక్క గుర్తే ఉంది గానీ, కింద తయారైన దేశం పేరు మాత్రం వేరే. ఐదేళ్ల కిందటి వరకూ ఆ గీజర్లను సోహార్ ఫ్యాక్టరీలో మేమే చేసేవాళ్లం. పెట్టెను అటూ ఇటూ తిప్పుతూ ఎంతసేపు నిలబడ్డానో, కొట్టతను వచ్చి ఏమైనా లోపమా అని అడిగాడు. ఏమీ లేదని చెప్పి, కొనకుండానే బయటికి వచ్చేశాను. ఆ రోజు డ్యూటీలో కాలు ఒకచోట నిలవలేదు.

నన్ను ఆ ఫ్యాక్టరీలో పెట్టించింది మా బావ, అంటే మా అక్క భర్త. ఆయనది వెల్డింగ్, నాది స్టోరు. అంతకుముందు సౌదీలోని దమ్మాంలో ఆరేళ్లు చేసి వచ్చాడు కాబట్టి రూమ్‌లో అందరికీ ఆయనే అరబ్బీ పండితుడు. గోడ మీద నోటీసైనా, సరుకుల ప్యాకెట్ అయినా ఆయన చదివి చెప్పాల్సిందే. ఒకసారి ఆయన పంచదార అని చదివిచ్చిన ప్యాకెట్‌తో చాయ్ పెట్టుకుని రూమ్ రూమంతా ఉప్పు చాయ్ తాగాం. "ఈడ రాత తేడా ఉంటది" అన్నాడే తప్ప, తనకు చదవడం రాదని ఒప్పుకోలేదు. మేమూ ఒప్పుకోమని పట్టుబట్టలేదు, ఎందుకంటే ఆయనకు మాటలు వచ్చు, మాకు అవీ రావు.

ఒకనాడు మేనేజరు అందరినీ పిలిచి, గీజర్ల పని మొత్తం వేరే దేశానికి పోతోందని చెప్పాడు. మా మిషన్లను మా చేతనే విప్పించారు. మా బావ తన వెల్డింగ్ మిషన్‌ను తనే చెక్కపెట్టెలో సర్ది మేకులు కొట్టాడు. ఉద్యోగం పోయిన ఒమానీలకు కొన్నాళ్లు సర్కారు భృతి వస్తుంది. మాలాంటి బయటివాళ్లకు మిగిలిన ఆసరా లేబర్ ఆఫీసు ఒక్కటే. అక్కడ అర్జీ పెట్టుకుంటే, ఆ ఫైలు తేలేదాకా కంపెనీ మమ్మల్ని పంపించేయడానికి లేదు. ఈలోగా వేరే పని దొరికితే వీసా అక్కడికి మారుస్తారు. లేబర్ ఆఫీసులోని ఆఫీసరమ్మ వచ్చీరాని హిందీలో ఇదంతా ఓపికగా రెండుసార్లు చెప్పింది. మేమంతా అర్జీలు పెట్టుకున్నాం. బావ కూతురు అప్పుడే నర్సింగ్‌లో చేరింది. ఆ చదువు అయ్యేదాకా ఇక్కడే ఉండాలని ఆయన పట్టుదల. అదృష్టం బాగుండి ఒక స్టీలు కంపెనీ వాళ్లు పరీక్ష పెట్టి తీసుకుంటామన్నారు, పాత కంపెనీ నుంచి రిలీజ్ కాగితం తెమ్మన్నారు. ఇక ఆయనకు నిద్రా లేదు, తిండీ లేదు. మేముండే క్యాంపు చుట్టూ తిరగడం, ఫోన్ చూసుకోవడం, మళ్లీ తిరగడం.

అలాంటప్పుడు ఒక పొద్దున కంపెనీ తరఫున ఆఫీసుల చుట్టూ తిరిగే మందూబ్ అరబ్బీలో రాసిన కాగితాలు పట్టుకుని వచ్చాడు. "తనాజుల్, తనాజుల్, సైన్ కరో" అన్నాడు. బావ ముఖం వెలిగిపోయింది. నేను, లేబర్ ఆఫీసులో ఒకసారి చూపించి పెడదాం బావా, అన్నాను.

"అరే బామ్మర్ది, తనాజుల్ అంటే రిలీజే గదా. సౌదీల ఒక కఫీల్ కాడికెల్లి ఇంకో కఫీల్ కాడికి పోవాల్నంటే గిదే కాగితం. ఆరేండ్లు ఆడ నేనేం గడ్డి పీకిన్నా?"

కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని. బావ సంతకం పెట్టేసి, సాక్షి సంతకం నన్నే పెట్టమన్నాడు, పెట్టాను. స్టోరువాళ్ల కాగితాలు మధ్యాహ్నం తెస్తానని మందూబ్ వెళ్లిపోయాడు. బావ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆ కాగితం నకలు పట్టుకుని లేబర్ ఆఫీసుకు బయల్దేరాడు.

అన్నం వేళకు ఫోన్ వచ్చింది. ఆయన గొంతు నేను గుర్తుపట్టలేదు. "ఆ కాగితం మీద సంతకం పెట్టకు. అందరికీ చెప్పు. తనాజుల్ అంటే ఈడ వదులుకునుడట. అర్జీ నేనే వాపస్ తీసుకున్నట్టు రాసుందట. ఆఫీసరమ్మ ఎందుకు వదులుకున్నవని నన్నే అడుగుతుంది." నేను మాట్లాడేలోపే పెట్టేశాడు. స్టోరు దగ్గర మందూబ్ అప్పటికే కలం మూత తీసి నిలబడి ఉన్నాడు.

ఆ రోజు మేము పద్నాలుగు మందిమి సంతకం పెట్టలేదు. అందరికీ కాస్త ముందో వెనకో వీసా మారింది, నాకు ఇక్కడ బౌషర్‌లో ఆసుపత్రి స్టోరులో పని దొరికింది. బావ కోసం ఆఫీసరమ్మ కంపెనీకి మూడుసార్లు ఫోన్ చేసింది గానీ, ఫైలు మూసేసి వీసా రద్దు చేయడం అప్పటికే అయిపోయింది. పది రోజుల్లో ఆయన విమానం ఎక్కాడు. కూతురి చదువు ఏడాది ఆగింది. ఇప్పుడు జగిత్యాలలో గేట్లకు వెల్డింగ్ చేస్తున్నాడు. నా సాక్షి సంతకం గురించి ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేదని నాకు ఎన్నోసార్లు అనిపించింది. ఆ మధ్యాహ్నం తన బతుకు తారుమారైందని తెలిసిన క్షణంలో ఆయన ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు, ముందు నాకు ఫోన్ చేశాడు. ఆ ఫోన్‌కు ఒక నిమిషం కూడా పట్టలేదు. ఈ ఐదేళ్లూ నేను బతుకుతున్నది ఆయన నాకిచ్చిన ఆ నిమిషంలోనే, అందుకే ఇది నా కాలమని ఇప్పటికీ అనిపించదు.