మళ్లీ కడితే తేలని తేడా

దుర్గారావు ఎవరినీ నమ్మే మనిషి కాదు. పుట్టింది చేపలు పట్టే ఇంట్లో. మొప్ప ఎత్తి ఎరుపు చూడందే వాళ్లమ్మ కాసులమ్మ సొంత చెల్లెలి గంపలో చేపైనా ముట్టుకోదు. కొడుక్కి ఆ బుద్ధే కంప్యూటర్ల దాకా పాకింది.

రెండువేల రెండులో అతనూ, పాతటౌను ఫారూఖూ కలిసి గాజువాకలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టారు. వెనకగదిలో ఒక లినక్స్ మిషను. ముందు కూర్చున్న ప్రతివాడి బ్రౌజింగూ దాని మీదుగానే పోవాలి. అందులో వేలు పెట్టినవాడు ఊళ్లోవాళ్ల పాస్‌వర్డులన్నీ ఏరుకోవచ్చు. ఆ మిషను నడిపే ప్రోగ్రాం కొత్తది ఫారూఖ్ ఇంట్లోనే కట్టి, అంటే రాతను మిషనుకి అర్థమయ్యే రూపంలోకి మార్చి, సీడీలో తెచ్చాడు. సోర్స్ ప్యాకేజీ కూడా ఇచ్చాడు. ప్రోగ్రాం అసలు రాత, దాన్ని కట్టే పద్ధతి అన్నీ ఆ మూటలోనే ఉంటాయి.

"ఎక్కించీ బావా. ఇంటికాడ సూసేను, బేగా ఎల్తంది."

"సోర్సుంది కదా, నాను మళ్లీ కట్టి ఎక్కిత్తాను."

"నీకు పిల్లనిచ్చీవోడు ముందు సోర్సు సీడీ ఎతుక్కోవాల్రా బాబూ!" ఫారూఖ్ నవ్వాడు.

ఆ నవ్వే దుర్గారావుకి నచ్చలేదు. ఫారూఖ్ ఫైళ్లన్నీ ఒకేచోట కుప్ప పోస్తాడు. దుర్గారావు అలా కాదు. ప్రోగ్రాంకో డైరెక్టరీ, అందులో మూలానికి వేరు, తయారైనదానికి వేరు. ఆ పద్ధతిలోనే సర్ది, మళ్లీ కట్టి, ఫారూఖ్ కట్టినదాంతో పోల్చాడు. ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకే సోర్సు, ఒకే లినక్స్; కట్టినవి అక్షరం పొల్లుపోకుండా కలవాలి. అయినా రెండూ కలవలేదు.

"మజ్జిన ఏటి కలిపేవు?" అన్నాడు.

"నానేటి కలుపుతాన్రా?"

"మరి తేడా ఎక్కడ్నించొచ్చింది? దొంగపని కాపోతే?"

ఫారూఖ్ చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

పదిమందిలో పెట్టి అడిగితే రుజువు కావాలి గదా అని దుర్గారావు ఇంకోసారి కట్టాడు. అదే మిషను, అదే సోర్సు. కానీ తను ముందు కట్టినదానితో తను ఇప్పుడు కట్టింది కలవలేదు. తేడా ఉన్న చోటు తెరిచి చూశాడు. కట్టిన తేదీ, టైము ప్రోగ్రాం కడుపులో పడుతున్నాయి. ఫారూఖ్ దాంట్లోనూ తేడా అక్కడే, అంతకుమించి లేదు.

బస్సెక్కి పాతటౌను వెళ్లాడు. ఫారూఖ్ తన మామ హుస్సేన్ బాషా నడిపే సూట్‌కేసుల దుకాణంలో కూర్చుని ఉన్నాడు.

"నాను కట్టినవే రెండూ కలవనేదు బావా. కట్టిన టైము పడతంది."

"అయితే నీ మీద నీకే అనుమానం వొచ్చిందన్నమాట."

"వొచ్చింది."

"నీ మీదొత్తే కూకుని ఎతికేవు. నా మీదొత్తే దొంగన్నావు." ఫారూఖ్ మొహం తిప్పుకుని ఒక పెట్టె దుమ్ము తుడవసాగాడు.

ఆ సాయంత్రం దుర్గారావు ఫారూఖ్ కట్టిన ప్రోగ్రాంనే ఎక్కించాడు. ఆ సంగతి చెబుదామని ఫోన్ చేస్తే హుస్సేన్ బాషా ఎత్తాడు.

"ఆడు అన్నం తింతన్నాడు."

మర్నాడు చేసినా అదే మాట.